కుడిముడి

పొద్దున్నే కొట్టు తియ్యడానికి వచ్చిన వదిన, పెయింటరు నిచ్చెన పక్కన నిలబడి తలెత్తి చూసి, ఇంక దించడం మర్చిపోయింది. పైన ఎర్రటి అక్షరాలు ఇంకా తడిగానే ఉన్నాయి. ‘అసలు సిసలు కుడిముడి టోపీలు. మాకు బ్రాంచీలు లేవు.’

“బాగుందా అమ్మా?” అన్నాడు పెయింటరు పైనుంచి.

“అక్షరాలు బాగున్నాయి నాయనా.”

ఆ మాట ఆవిణ్ణి తిట్టే తిట్టని అతనికేం తెలుసు పాపం! పోయిన చలికాలం నుంచీ ఆ కొట్లో ఆవిడ పేరే కుడిముడి. మరిది మొదలెట్టాడు, తోడికోడలు అందుకుంది, అక్కణ్ణించి పక్కనున్న పాత కోట్ల కొట్టువాడి దాకా పాకింది. అంతకు ముందు వీధి మొత్తానికీ ఆవిడ వదినే. మరిది రోజంతా “వదినా, వదినా” అని కేకలేస్తుంటే విని విని, ఆవిడ కంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా వదినా అనే పిలవడం అలవాటు చేసుకున్నారు. అలాంటి మనిషిని పట్టుకుని కుడిముడి, కుడిముడి అని పిలిచి, ఇప్పుడా తిట్టునే గుమ్మం మీద కట్టుకుని వ్యాపారం చేస్తున్నారు. ఏమనాలి?

తాళం తీసి, తిన్నగా వెనక గదిలోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది.

ఆ గదికి కిటికీ లేదు. మూతి సన్నటి ఇత్తడి కెటిల్లో నీళ్ళు మరిగి ఆవిరి బుస్సుమని వస్తుంటే, పాత టోపీ తిరగేసి దాని మీద పట్టుకోవాలి. బొచ్చు ఒత్తి చేసిన ఆ ఫెల్టు మెత్తబడగానే చెక్క అచ్చు మీదికి లాగి తాడు బిగించాలి. అంతకు ముందే లోపలి తోలు పట్టీ ఊడదీసి గీకాలి. ఎవరి తల చెమటో, ఎన్నేళ్ళ కిందటిదో, ఆవిరి తగలగానే మేలుకుని ముక్కు మీద గుద్దుతుంది. వాసన సంగతి సరే, దానికి అలవాటు పడొచ్చు. వేళ్ళు ఉబ్బుతున్నాయి. ఈ మధ్య సూది పట్టుకుంటే చేతిలో సూది ఉందో లేదో చూసుకుంటే గాని తెలియడం లేదు. వదిన భయమంతా అదే. ఇంకో చలికాలం ఈ మూల గడిచిందంటే ఈ వేళ్ళు సూదికి పనికిరావు. మొగుడు పోయాక ఆవిడకి మిగిలింది చేతిలో కుట్టుపనీ, ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీనూ. కుర్చీ పోయింది. కుట్టుపని కూడా పోతే, ఆవిడ ఆ ఇంట్లో ఎవరు?

కుర్చీ ఎలా పోయిందో చెప్పాలంటే ముడి సంగతి చెప్పాలి. మగవాళ్ళ టోపీకి రిబ్బను ముడి ఎడమవైపు, ఆడవాళ్ళ టోపీకి కుడివైపు. ఎవరు పెట్టారో తెలీదు, ఎందుకు పెట్టారో అంతకన్నా తెలీదు. టోపీ పనివాళ్ళకి మాత్రం అది కుడి కాలి చెప్పూ ఎడమ కాలి చెప్పూ లాంటిది. ఓ రోజు మరిది ఒక బూడిదరంగు పాత టోపీ ఇచ్చి సాయంత్రానికల్లా తయారు కావాలన్నాడు. చూస్తే కుడివైపున పురుగు కొట్టి బొటనవేలి గోరంత కన్నం. దాన్ని కనపడకుండా రఫ్ఫు చెయ్యాలంటే సాయంత్రానికి అయ్యే పని కాదు. అందుకని ముడి ఎడమనుంచి కుడికి మార్చి, కన్నం దాని కిందికి వచ్చేలా కుట్టేసింది. కొనడానికి వచ్చినాయన పకపకా నవ్వాడు. “ఇది మా ఆవిడకి పనికొస్తుందేమో!” అన్నాడు. ఆయన ముందే మరిది ఎగిరిపడ్డాడు. “కళ్ళు కనిపించట్లేదా వదినా? మగాడి టోపీకి ఆడముడి వేస్తావా?” పురుగు కొట్టిందయ్యా అని ఆవిడ నోరు తెరిచేలోపు టోపీ తుక్కుబుట్టలో పడింది, కుర్చీ తోడికోడలి మేనకోడలికి దక్కింది. మరిది పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు మరి.

వేషాలకి పాత టోపీలు కావాలని వచ్చిన సినిమావాళ్ళు ఆ తుక్కుని బుట్టతో సహా పట్టుకుపోయారు. సినిమా వచ్చింది. హీరో ఆ టోపీ పెట్టుకుని వానలో నడుస్తాడు. ఎవణ్ణైనా తన్నబోయే ముందు కుడిచెయ్యి పైకెత్తి చూపుడువేలితో ఆ ముడిని ఒక్కసారి నిమురుతాడు. అంతే. ముడి ఎడమవైపు ఉండుంటే ఆ నిమరడమూ ఉండేది కాదు, ఈ గోలా ఉండేది కాదు. ఊరికి వేలంవెర్రి పట్టుకుంది. తాతల పెట్టెలు తెరుచుకున్నాయి, కలరా ఉండల వాసనతో కోట్లు వీధిలోకొచ్చాయి, మొన్నటిదాకా ఈగలు తోలుకున్న పక్క కొట్టువాడికి తుమ్మడానికి తీరిక లేదు. బస్సు కోసం నిలబడ్డ గుమాస్తాలు కూడా చెవి పైన వేలు పెట్టి గాలిని నిమురుకుంటున్నారు.

*

మధ్యాహ్నం మేనకోడలు పిల్ల వెనక గదిలోకి వచ్చి వేలు నోట్లో పెట్టుకుని నిలబడింది. మళ్ళీ గుచ్చుకున్నట్టుంది.

“పెద్దత్తా, ఈ ముడి చూడు. ఎంత లాగినా పక్కకి ఒరిగిపోతోంది.”

వదిన చెయ్యి తుడుచుకుని టోపీ అందుకుంది. “రిబ్బను ముందు బిగించి తర్వాత ముడి కుడుతున్నావు. ముడి విడిగా చేసుకుని అప్పుడు అతికించాలి. ఎవరూ చెప్పలేదూ?”

“నువ్వే చెప్పాలి. అత్తకేం తెలుసు?” అంది పిల్ల. మంచిదే పాపం. కుర్చీ కావాలని తను అడగలేదు. కూర్చోమంటే కూర్చుంది.

ముందుగదిలోంచి మరిది గొంతు వినిపిస్తోంది. ఎవరికో చెబుతున్నాడు. “ఇది మా నాన్నగారి ఆలోచనండీ. ఆయనది కుడిచేతి వాటం. ముడి చేతికందేలా ఉండాలని ఆ రోజుల్లోనే...”

వదినకి నవ్వొచ్చింది. మావగారు బతికుండగా మగవాళ్ళ టోపీకి కుడిముడి చూస్తే కత్తెర విసిరేవాడు. కొడుకుని కూడా కలిపి విసిరేవాడు. “మీ మావయ్య ఊరికి టోపీలు పెడుతున్నాడే,” అంది. పిల్ల కిసుక్కున నవ్వింది. ఆ మాటని రెండు రకాలుగానూ అర్థం చేసుకునే తెలివి ఉంది దానికి.

ఆ సాయంత్రం మరిది తనంతట తనే వెనక గదిలోకి వచ్చాడు. ఆ ఆవిరిలోకి ఆయన రావడమే వింత. పైగా మీరు అంటున్నాడు.

“వదినా, మీరోసారి కూర్చోండి. రేపు టీవీవాళ్ళు వస్తున్నారు. కుడిముడి పుట్టిన కొట్టు అని చూపిస్తారట. కిటికీ దగ్గర పెద్దావిడెవరైనా కుడుతూ ఉంటే బాగుంటుందన్నారు.”

“పిల్ల ఉందిగా.”

“దాన్ని చూస్తే నిన్నగాక మొన్న పన్లో చేరినట్టుంటుంది. మీరైతే...” ఆగి వెతుక్కున్నాడు. “మీరైతే పాతకాలం మనిషిలా ఉంటారు.”

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. వదినకి కోపం రావలసింది, రాలేదు. అలిసిపోయిన ఒంట్లో కోపానికి కూడా ఓపిక ఉండాలి. కిటికీ మాట వినగానే మాత్రం చేతిలో టోపీ పక్కన పెట్టింది.

“రేపొక్కరోజేనా? తర్వాత కూడానా?”

“ముందు రేపు కానివ్వండి. ఎందుకు కుడివైపు అని అడిగితే మావగారు చెప్పారు అనండి, చాలు. రేపు సవ్యంగా జరిగితే కుర్చీ మీదే. నా మాట.”

ఆ మాట పట్టుకుని వదిన ఇంటికి వెళ్ళి, ఉప్పు వేసిన వేన్నీళ్ళలో వేళ్ళు ముంచుకుని కూర్చుంది. మావగారు చెప్పారు. మావగారు చెప్పారు. రెండు మాటలు. అబద్ధమే, కానీ చచ్చినాయనకి వచ్చే నష్టమేముంది?

*

మర్నాడు కిటికీ పక్కన కూర్చోగానే ఆవిడకి కళ్ళు చెమర్చాయి. వెలుతురు! టోపీ ఒళ్ళో పెట్టుకుంటే ఫెల్టు మీద బొచ్చు ఎటు వాలిందో తెలుస్తోంది. రిబ్బను మీద నేత గీతలు కనిపిస్తున్నాయి. సూదిని ఒకటికి నాలుగుసార్లు చూసుకుని పట్టుకుంది. ముడిని విడిగా మడిచి, దాని నడుముకి పట్టీ చుట్టి, కుట్టు పైకి తేలకుండా లోపల్నించే తీసి, టోపీకి ఆనించింది. చెయ్యి మర్చిపోలేదు. బతికించావురా దేవుడా అనుకుంది.

టీవీ అమ్మాయి మైకు పట్టుకుని పక్కన స్టూలు మీద కూర్చుంది. కెమెరా వాడు వంగి ఆవిడ వేళ్ళ దగ్గరికి వచ్చాడు. మరిది ఇస్త్రీ చొక్కాలో గుమ్మం దగ్గర, తోడికోడలు కొత్త చీరలో ఆయన వెనక.

“అమ్మా, మగవాళ్ళ టోపీకి ముడి ఎడమవైపు ఉంటుందట కదా. మీరు కుడివైపు ఎందుకు పెట్టారు?”

మావగారు చెప్పారు. నాలిక చివరికి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆ అమ్మాయి ఇంకోమాట అంది. “అసలు మీకా ఆలోచన ఎలా వచ్చింది?” మీకు అంది. ఎలా వచ్చింది అంది. ఇన్ని నెలల్లో ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు ఆ మాట అడగలేదు.

“పురుగు కొట్టిందమ్మా,” అంది వదిన.

“ఏంటి?”

“టోపీకి ఇటుపక్క పురుగు కొట్టింది. ఇంత కన్నం. సాయంత్రానికే కావాలంటే ఏం చేస్తాం? ముడి దాని మీదికి జరిపాను.”

అమ్మాయి నోరు తెరిచింది, తర్వాత మొహం వెలిగిపోయింది. “అంటే హీరో నిమిరేది కన్నం మీదన్నమాట! ముడి కింద కన్నం ఉంది!”

“ఉంది. పోయిందనుకున్నారా? ఎవరూ పూడ్చలేదు కదా.”

గుమ్మం దగ్గర మరిది మొహంలో నెత్తురు చుక్క లేదు.

టీవీవాళ్ళ బండి వీధి మలుపు తిరిగేదాకా ఆగాడు. అప్పుడు మొదలెట్టాడు. “ఉన్న కొట్టుకి కన్నం వేసేశావు గదా వదినా! పురుగు కొట్టిన టోపీ అని ఊరంతా టముకు వేశావు. రేపు ఎవడొస్తాడు మన గడప తొక్కడానికి? రెండు మాటలు చెప్పమన్నాను. రెండంటే రెండు!”

“నిజమే చెప్పాను.”

“నిజం ఎవడికి కావాలి?”

“ఆ పిల్ల అడిగింది,” అంది వదిన.

తోడికోడలు కుర్చీ పక్కనున్న కుట్టుపెట్టె తీసి మేనకోడలి చేతికిచ్చింది. వదిన లేచింది. వెనక గదిలో కూర్చుని ఏడ్చింది కూడా. నిజం చెప్పినందుకు ఏడుపు రాలేదు. వెలుతురు చూసి మళ్ళీ చీకట్లోకి రావలసి వచ్చిందే, అందుకు వచ్చింది.

*

తెల్లారి కొట్టు తియ్యకముందే గుమ్మం ముందు జనం. మరిది తలుపు సందులోంచి చూసి, “తన్నడానికి వచ్చారు,” అని వెనక్కి జరిగాడు. చివరికి తోడికోడలే గొళ్ళెం తీసింది.

మొదట లోపలికి వచ్చింది ఓ మొగుడూ పెళ్ళాం. మొగుడు అంతకు ముందు వారం కొనుక్కెళ్ళిన టోపీ బల్ల మీద పెట్టి, గోటితో ముడిని పైకి లేపి చూపించాడు.

“కన్నమేదండీ?”

“ఏ కన్నం?” అన్నాడు మరిది.

“అసలు టోపీకి ముడి కింద కన్నం ఉంటుందని రాత్రి టీవీలో ఆవిడ చెప్పారు. మాకు కన్నం లేని టోపీ అంటగట్టారు. ఇది నకిలీ!”

“మంచి ఫెల్టయ్యా, చిన్న మచ్చ కూడా లేదు...”

“అదేనండీ మేం అనేది!” అంది పెళ్ళాం. “కన్నం లేకపోతే ఇంక ముడి దేనికి?”

వెనకనున్న వాళ్ళందరూ అదే మాట. మాకూ లేదు, మాకూ లేదు. కిటికీ దగ్గరావిడేరి, ఆవిణ్ణి పిలవండి. మరిది కళ్ళు అటూ ఇటూ తిరిగి, ఒక్క క్షణంలో కుదురుకున్నాయి. వ్యాపారంలో పండినవాడు మరి. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు గానీ, కాకికి బేరం కుదిరితే ముద్దే.

“వదినగారూ!” అని పిలిచాడు. గారు కూడా చేరింది.

వదినని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి జనం చూస్తుండగా కుర్చీలో కూర్చోబెట్టాడు. “ఈ కుర్చీ ఎప్పటికీ మీదే. ఎవరూ లేపరు,” అన్నాడు. అందరూ విన్నారు. తర్వాత వంగి, చెవి దగ్గర, చెప్పులు కుట్టే ఆర ఒకటి బల్ల మీద పెడుతూ, “కన్నాలు పెట్టండి,” అన్నాడు.

వదిన ఆరని చూసింది. ఎదురుగా ఆ మొగుడూ పెళ్ళాం తెచ్చిన టోపీ, కుందేలు బొచ్చు ఫెల్టు, కొత్తది, వేలితో రాస్తే వెన్నలా ఉంది.

“మన వంశంలో ఎవరూ కన్నాలు వెయ్యలేదయ్యా,” అంది.

“హాస్యాలకి టైము కాదు వదినా. నిలబడున్నారు వాళ్ళు.”

కుర్చీ కావాలి. ఆవిడకి ఆ కుర్చీ ఎంత కావాలో ఆవిడకే తెలుసు. ఆర తీసుకుని గుచ్చింది. ఫెల్టు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. తిప్పి తిప్పి నొక్కితే టప్పుమని దిగింది. పురుగు కొరికినట్టుండాలి గదా, అందుకని అంచులు కత్తెర మొనతో చిన్నగా కొరికింది. పైన ముడి మళ్ళీ కుట్టింది. మొగుడూ పెళ్ళాం ముడి లేపి చూసి, కన్నంలోంచి ఒకరి వేలు ఒకరికి తాకించుకుని, పెళ్ళిలో కూడా అంత నవ్వి ఉండరు, నవ్వుకుంటూ వెళ్ళారు.

ఇంకోటి. తర్వాత ఇంకోటి. ఒకాయన తన తండ్రి టోపీ తెచ్చాడు. ఆ తండ్రెవరో గానీ టోపీని పసిపిల్లాడిలా చూసుకున్నాడు. చిన్న గాటు కూడా లేదు. తెచ్చిన కొడుకేమో, “పెద్దది పెట్టండమ్మా, కనపడాలి,” అన్నాడు. వదిన దానికీ పెట్టింది. వేళ్ళు ఉబ్బి ఉన్నా ఈ పనికి అడ్డం రాలేదు. సూది పట్టుకోలేని వేళ్ళు ఆరని బ్రహ్మాండంగా పట్టుకున్నాయి. అదే ఆవిడకి అన్నింటికంటే కష్టంగా అనిపించింది.

మధ్యాహ్నానికి ఎండ తిరిగి కిటికీలోంచి బల్ల మీద పడింది. ఆ వెలుతురు కోసమే కదా ఇన్నాళ్ళూ మొహం వాచింది. ఇప్పుడా వెలుతుర్లో బల్ల నిండా ముడి కుట్టాల్సిన టోపీలు, ప్రతిదానికీ ఒక కన్నం, కన్నంలోంచి బల్ల మీదికి ఒక్కో ఎండ చుక్క. వదిన చాలాసేపు చూసింది. ఆ తర్వాత ఆరనీ, ఇంకా కన్నం పెట్టని టోపీల దొంతరనీ ఎత్తుకుని లేచి, గల్లా పెట్టెలో చేతులు పెట్టుకున్న మరిది ముందు పెట్టింది.

“ఇవి నువ్వు చేసుకో.”

“ఏంటి వదినా?”

“పురుగు ఎప్పుడైనా వెలుతుర్లో కొరగ్గా చూశావా? చీకటి మూల వెతుక్కుని కొరుకుతుంది. వెనక గది ఖాళీగానే ఉంది. అక్కడ కూర్చుని పొడువు. ముడి కుట్టాల్సినవి ఇటు పంపించు. కుట్టడానికైతే వెలుతురు కావాలి, అది నేను చూసుకుంటాను.”

“నేనా! గల్లా పెట్టె ఎవరు చూస్తారు?”

“మీ ఆవిడ లేదూ?”

మరిది గొంతు పెంచబోయి జనాన్ని చూశాడు. జనం ఆవిణ్ణి చూస్తున్నారు. గుమ్మం అవతల నిలబడ్డ వాళ్ళు కిటికీలోంచి తొంగి, ఆవిడ మళ్ళీ కూర్చుంటుందా లేదా అని చూస్తున్నారు. ఎవరూ లేపరు అని పొద్దున అందరి ముందూ అన్నది ఆయనే. మింగలేడు, కక్కలేడు.

“అక్కా, నేను గల్లా చూసుకుంటాలే,” అంది తోడికోడలు, మొగుడి మొహం చూడకుండా. గల్లా దగ్గర కూర్చోవాలని ఆవిడకెన్నాళ్ళ నుంచి ఉందో ఎవరికెరుక!

మరిది ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, దొంతర చంకన పెట్టుకుని వెనక గదిలోకి నడిచాడు. కాసేపటికి ఉక్కలోంచి దగ్గు వినిపించింది.

వదిన కుర్చీలో కూర్చుంది. గెలిచినట్టేమీ అనిపించలేదు. నడుం నొప్పిగా ఉంది, వేళ్ళు సలుపుతున్నాయి, బల్ల మీద చిల్లులు పడ్డ మంచి టోపీలు అలాగే ఉన్నాయి. అయినా వెలుతురు ఉంది.

మేనకోడలు పిల్ల పక్కనొచ్చి నిలబడింది. “పెద్దత్తా, ఈ మోజు ఎన్నాళ్ళుంటుందంటావు?”

“ఇంకో సినిమా వచ్చేదాకా.”

“వచ్చాక?”

“వచ్చాక ఏముంది? ఇవాళ కన్నం పెట్టమన్న వాళ్ళే వరసగా వస్తారు, నిక్షేపంలాంటి మా నాన్న టోపీ పాడైపోయింది, పూడ్చిపెట్టండి అని. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మనం అనకూడదు. కడగడమే మన పని.” ఒక టోపీ తీసి, లోపలి వైపు గోటితో గీకి, చిటికెడు బొచ్చు రాల్చి అరచేతిలో పెట్టి చూపించింది. “ఇదిగో, రఫ్ఫుకి దీనికంటే మంచి దారం లేదు. టోపీది టోపీకే. నేర్చుకుంటావా?”

పిల్ల తలూపి స్టూలు దగ్గరికి లాక్కుంది.

“ఏమండీ,” అని గల్లా పెట్టె దగ్గర్నించి తోడికోడలు కేకేసింది, “ఇంకా రెండు కన్నాలు కావాలి, తొందరగా!”

వెనక గదిలో ఆర టప్పుమని దిగింది.